కదిలే ఇంటికి కొత్త నీళ్ళ ట్యాంకు



మన ఇళ్ళ మీద ఉండే నీళ్ళ ట్యాంకును ఒకసారి పెట్టాక ఎవరూ కదపరు. కింద గట్టి స్లాబు ఉంటుంది, పైన మూత ఉంటుంది. నిండితే పొర్లుతుంది, అయిపోతే మోటారు వేస్తాం. అదే ట్యాంకు చక్రాల మీద ఎక్కి, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో రోడ్డు మీద పోతున్నదనుకోండి. అప్పుడు అది ఎలా ఉండాలి? ఎక్కడ ఉండాలి? అందులోని నీళ్ళు తాగేవారికి హాని లేకుండా ఎలా ఉంచాలి? ఈ ప్రశ్నలకు ఈ పాఠంలో జవాబులు వెతుకుదాం. ఇందుకోసం కొత్త సూత్రాలేమీ నేర్చుకోనక్కరలేదు. ఘనపరిమాణం, పీడనం, బలభ్రామకం, లోహక్షయం వంటివి మీరు తరగతిలో చదువుకున్నవే. వాటిని ఒక పనిలో ఎలా వాడతారో చూడటమే ఈ పాఠం ఉద్దేశం.

కదిలే ఇల్లు అంటే ఏమిటి?

అమెరికాలో కారు వెనుక తగిలించుకొని లాక్కుపోయే చిన్న ఇళ్ళు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. వీటిని క్యాంపర్ ట్రైలర్లు అంటారు. ఒకే గదిలో మంచం, పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి, సామాను అరలు అన్నీ అమరి ఉంటాయి. ఈ రంగంలో పేరు పొందినవారు వాలీ బయమ్. ఆయన సంస్థ ఎయిర్‌స్ట్రీమ్ 1931లో మొదలైంది. ఆ సంస్థ 1936లో తెచ్చిన క్లిప్పర్ అనే అల్యూమినియం ట్రైలర్‌లో విద్యుద్దీపాలతో పాటు సొంత నీటి ఏర్పాటు కూడా ఉండేది. 1959–60లో బయమ్ నాయకత్వంలో ఇలాంటి ట్రైలర్ల బారు ఒకటి ఆఫ్రికా ఖండంలో కేప్‌టౌన్ నుంచి కైరో వరకు ప్రయాణించింది. ఊరూ కుళాయీ లేని దారుల్లో అంత దూరం పోవాలంటే వెంట తీసుకుపోయే నీళ్ళే ఆధారం కదా!

1950లు, 60లలో తయారైన ట్రైలర్లను ఇప్పుడు చాలామంది ఇష్టపడి కొని, బాగుచేసి వాడుకుంటున్నారు. ఒక కుటుంబం 1962 నాటి ట్రైలర్ కొన్నదని అనుకుందాం. పైకి రంగు వేశారు, కిటికీలు మార్చారు. కానీ మంచం కింద ఉన్న నీళ్ళ ట్యాంకు తుప్పు పట్టి కారుతోంది. కొత్త ట్యాంకు పెట్టాలి. పాతదాని కొలతలు తీసుకొని, అంతే ఉన్న ప్లాస్టిక్ పెట్టె ఒకటి కొని, అక్కడ కూర్చోబెడితే సరిపోతుందా? సరిపోదు. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

పాత ట్యాంకు ఎందుకు పాడైంది?

ఆ కాలపు ట్రైలర్లలో చాలావాటికి జింకు పూత వేసిన ఇనుప ట్యాంకులు ఉండేవి. ఇనుముకు నీరు, గాలి తగిలితే తుప్పు పడుతుందని మీకు తెలుసు. జింకు ఇనుముకన్నా త్వరగా చర్య జరుపుతుంది కాబట్టి, తాను కరుగుతూ ఇనుమును కాపాడుతుంది. కానీ ఆ పూత పలుచనిది. అది అయిపోయిన రోజు నుంచి ఇనుము వంతు మొదలవుతుంది.

దీనికి తోడు ఇంకొక సంగతి ఉంది. ఆ ట్రైలర్లలో నీటి గొట్టాలు సాధారణంగా రాగివి. రాగి గొట్టం జింకు పూత ఉన్న ట్యాంకుకు నేరుగా తగిలిన చోట, మధ్యలో నీరు ఉంటే, రెండు వేర్వేరు లోహాలూ కలిసి ఒక చిన్న విద్యుత్ ఘటంలా పనిచేస్తాయి. ఈ ఘటంలో నష్టపోయేది జింకు, ఆ తరువాత ఇనుము. అందుకే పాత ట్యాంకులు నడిమధ్యలో కన్నా గొట్టం బిగించిన చోటే ముందుగా కారతాయి.

ఇక్కడే మనం మరిచిపోకూడని ప్రమాదం ఒకటి ఉంది. ఆనాటి రాగి గొట్టాలను అతికించడానికి వాడిన టంకంలో సీసం ఉండేది. సీసానికి నీటిలో రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. అయినా అది శరీరంలో చేరితే, ముఖ్యంగా చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. తాగునీటి గొట్టాలకు సీసం కలిసిన టంకం వాడకాన్ని అమెరికా 1986లో చట్టం చేసి నిషేధించింది. అంటే 1962 నాటి ట్రైలర్‌లోని అతుకులు ఆ చట్టానికి చాలా ముందువి. కొత్త ట్యాంకు పెట్టి, పాత గొట్టాలను అలాగే వదిలేస్తే, శుభ్రమైన నీటిని సీసపు అతుకుల గుండా పంపినట్లే. కాబట్టి ట్యాంకు మార్చే పనిలో మొదటి నిర్ణయం ఇది: తాగునీటి దారి మొత్తం మార్చాలి. ఈ రోజుల్లో ఇందుకు పెక్స్ అనే వంగే ప్లాస్టిక్ గొట్టాలు వాడుతున్నారు. పాత ఇత్తడి కుళాయిల్లో కూడా సీసం ఉండే అవకాశం ఉంది కనుక, తాగునీరు పట్టుకొనే కుళాయిని కూడా మార్చడం మంచిది.

ట్యాంకులో నిజంగా ఎన్ని నీళ్ళు పడతాయి?

మంచం కింద 90 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల ఎత్తు గల ట్యాంకుకు చోటు ఉందనుకుందాం. వెంటనే లెక్క వేస్తే:

90 × 45 × 25 = 1,01,250 ఘన సెంటీమీటర్లు, అంటే సుమారు 101 లీటర్లు.

ఇది బయటి కొలత. ప్లాస్టిక్ ట్యాంకు గోడ మందం సుమారు 6 మిల్లీమీటర్లు. రెండు వైపులా గోడలు ఉంటాయి కాబట్టి ప్రతి కొలతలోనూ 1.2 సెంటీమీటర్లు తగ్గించాలి.

88.8 × 43.8 × 23.8 = సుమారు 92,570 ఘన సెంటీమీటర్లు, అంటే 92.6 లీటర్లు.

ఇంకా ఉంది. నీరు బయటికి పోయే రంధ్రం అడుగు నుంచి 2 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, దాని కింద ఉన్న నీరు పంపుకు అందదు. 88.8 × 43.8 × 2 అంటే దాదాపు 7.8 లీటర్లు. చివరికి వాడుకోగలిగినవి సుమారు 85 లీటర్లే. 101 అనుకున్నది 85 అయింది! కొలతల్లో మనం చూపే చిన్న నిర్లక్ష్యం చివరికి ఎంత తేడా తెస్తుందో చూశారు కదా.

ఇంకొక కొలత కూడా తీసుకోవాలి. చాలామంది దీన్ని మరిచిపోతారు. ట్యాంకు ఉండే చోటుతో పాటు, అది లోపలికి వెళ్ళే దారిని కూడా కొలవాలి. ఫ్యాక్టరీలో ముందు ట్యాంకు పెట్టి, తరువాత దాని చుట్టూ మంచం, అరలు కట్టి ఉండవచ్చు. ఇప్పుడు సన్నటి తలుపు దాటి, మూల తిప్పి, మంచం చట్రం కిందికి ట్యాంకు వెళ్ళగలదా? అనుమానం ఉంటే అట్టపెట్టెను అదే కొలతల్లో కత్తిరించి, అతికించి, ముందుగా దాన్ని లోపలికి తీసుకుపోయి చూడాలి. అట్ట చిరిగితే నష్టం లేదు, ట్యాంకు కొన్నాక పట్టకపోతే నష్టం.

బరువు ఎక్కడ పడాలి?

ఒక లీటరు నీరు ఒక కిలో. 92.6 లీటర్ల నీరు, 8 కిలోలకు పైగా ఉన్న ఖాళీ ట్యాంకు కలిస్తే దాదాపు 100 కిలోలు. ఇంచుమించు ఒకటిన్నర మనిషి బరువు. దాన్ని ట్రైలర్‌లో ముందు పెట్టినా వెనుక పెట్టినా ఒకటేనా?

కాగితం మీద ఒక అడ్డగీత గీయండి. ఎడమ చివర కారు కొక్కెం. అక్కడి నుంచి 4 మీటర్ల దూరంలో ఇరుసు, అంటే చక్రాలు. ఇరుసును ఆధారంగా తీసుకుంటే ట్రైలర్ ఒక మీట వంటిదే. మన ట్రైలర్ బరువు 1,500 కిలోలు, అందులో కొక్కెం మీద ఆనే బరువు 180 కిలోలు, అంటే 12 శాతం అనుకుందాం. ఇలాంటి ట్రైలర్లకు కొక్కెం మీద మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలన్నది అమెరికాలో సాధారణంగా పాటించే నియమం.

మొదటి సందర్భం: ట్యాంకును ఇరుసుకు 1 మీటరు ముందు పెట్టాం. కొక్కెం మీద అదనంగా పడేది 100 × 1 ÷ 4 = 25 కిలోలు. ఇప్పుడు కొక్కెం మీద 205 కిలోలు, మొత్తం 1,600 కిలోలు. ఇది 12.8 శాతం. నియమానికి లోబడే ఉంది.

రెండో సందర్భం: చోటు దొరికిందని ట్యాంకును ఇరుసుకు 2 మీటర్లు వెనుక పెట్టాం. అప్పుడు అది కొక్కెం మీది నుంచి 100 × 2 ÷ 4 = 50 కిలోలను ఎత్తేస్తుంది. మిగిలేది 130 కిలోలు, మొత్తం 1,600లో 8.1 శాతం. ఇది 10 శాతం కన్నా తక్కువ.

అయితే ఏమవుతుంది? వెనుక బరువు ఎక్కువైన ట్రైలర్ వేగంగా పోతున్నప్పుడు పక్కనుంచి గాలి వీచినా, పెద్ద లారీ దాటిపోయినా, తోక ఊపినట్లు అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఆ ఊపు పెరిగితే కారును కూడా తనతో ఈడ్చేస్తుంది. ట్రైలర్ ప్రమాదాలకు ఇది ఒక ముఖ్య కారణం. అంటే మంచం కింద ఏ మూల ట్యాంకు పెడతామన్నది ఆ కారులో కూర్చున్నవారి ప్రాణాలకు సంబంధించిన విషయం. వీలైనంతవరకు ట్యాంకు ఇరుసుకు దగ్గరగా, కొంచెం ముందుకు, అడుగున ఉండాలి. అడుగున ఉంటే గరిమనాభి కిందికి దిగుతుంది, మలుపుల్లో ట్రైలర్ నిలకడగా ఉంటుంది.

నీటికి ఇంకొక గుణం ఉంది. అది కదులుతుంది. సగం నిండిన నీళ్ళ ట్యాంకర్ లారీ ఒక్కసారి బ్రేకు వేసినప్పుడు, లారీ ఆగాక కూడా నీరు జడత్వం వల్ల ముందుకు వెళ్ళి గోడను కొడుతుంది. అందుకే పెద్ద ట్యాంకర్ల లోపల అడ్డుపలకలు పెడతారు. చిన్న ట్రైలర్ ట్యాంకులో తరచుగా అవి ఉండవు. కాబట్టి 90 సెంటీమీటర్ల పొడుగు వైపును ట్రైలర్‌కు అడ్డంగా ఉంచితే, ముందు వెనుకలకు నీరు పరుగెత్తే దూరం 45 సెంటీమీటర్లే అవుతుంది. ప్రయాణంలో ట్యాంకు నిండుగానో ఖాళీగానో ఉంటే ఈ ఊపు తక్కువ. సగం నిండినప్పుడే ఎక్కువ.

గాలికి దారి ఏది?

పాత ఇనుప ట్యాంకుల్లో కొన్ని ఒత్తిడితో పనిచేసేవి. ట్యాంకులో కొంత నీరు నింపి, మిగతా చోటులో చేతి పంపుతోనో చిన్న కంప్రెసర్‌తోనో గాలి కొట్టేవారు. ఆ గాలి నీటిని కుళాయి దాకా నెట్టేది. కొత్తగా పెట్టే ప్లాస్టిక్ ట్యాంకుకు ఈ పద్ధతి ఎంతమాత్రం పనికిరాదు. ఎందుకో లెక్క వేద్దాం.

నీటి సరఫరాలో తరచుగా ఉండే పీడనం చదరపు అంగుళానికి 40 పౌండ్లు. మన లెక్కలో అది చదరపు సెంటీమీటరుకు సుమారు 2.8 కిలోలు. మన ట్యాంకు పైభాగం 90 × 45 = 4,050 చదరపు సెంటీమీటర్లు. దాని మీద లోపలి నుంచి పడే బలం 4,050 × 2.8, అంటే 11,000 కిలోలకు పైగా! పదకొండు టన్నులను ఆపగల ప్లాస్టిక్ పెట్టె ఉంటుందా? ఆ పీడనంలో పదో వంతు చేరకముందే అది ఉబ్బి, పై మంచాన్ని ఎత్తి, పగిలిపోతుంది. మామూలుగా నీరు నింపి ఉంచినప్పుడు అడుగున ఉండే పీడనం ఎంత? నీటి ఎత్తు దాదాపు 25 సెంటీమీటర్లు కాబట్టి చదరపు సెంటీమీటరుకు 0.025 కిలో మాత్రమే. ఆ ట్యాంకును తయారు చేసింది ఇంత చిన్న పీడనానికే.

కాబట్టి ప్లాస్టిక్ ట్యాంకు ఎప్పుడూ బయటి గాలితో కలిసి ఉండాలి. ఇందుకు పైభాగం నుంచి ఒక సన్నని గాలిగొట్టం పెట్టి, నీరు పోసే మూతి దగ్గరి దాకా తీసుకుపోతారు. నీరు లోపలికి వచ్చేకొద్దీ గాలి దాని గుండా బయటికి పోతుంది. పంపు నీటిని లాగేకొద్దీ గాలి లోపలికి వస్తుంది. నూనె డబ్బాకు ఒకే రంధ్రం పెడితే నూనె గుటగుటమంటూ ఆగి ఆగి పడటం, రెండో రంధ్రం పెట్టగానే ధారగా రావడం మీరు చూసే ఉంటారు. సూత్రం అదే.

గాలిగొట్టం విషయంలో జరిగే పొరపాటు ఒకటి చెబుతాను. గొట్టం పొడుగ్గా ఉందని మధ్యలో వేలాడనిస్తారు. ఆ వంపులో నీరు నిలుస్తుంది. ఆ నీరే గాలికి బిరడా అవుతుంది. అప్పుడు నింపేటప్పుడు నీరు వెనక్కి చిమ్ముతుంది, ట్యాంకు ఉబ్బుతుంది. పంపు నడిచేటప్పుడు ట్యాంకు లోపలికి అణుగుతుంది. అందుకని గాలిగొట్టం ట్యాంకు నుంచి ఎక్కడా దిగకుండా పైకే పోవాలి. నీరు పోసే గొట్టం మూతి నుంచి ట్యాంకు వైపుకు ఎక్కడా వంపు లేకుండా దిగాలి.

మరి ట్యాంకులో ఒత్తిడి లేనప్పుడు కుళాయికి నీరు ఎలా వస్తుంది? ఇందుకు 12 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఉంటుంది. కుళాయి తిప్పగానే గొట్టంలో పీడనం తగ్గుతుంది, పంపులోని పీడన స్విచ్ దాన్ని గుర్తించి మోటారును నడుపుతుంది. కుళాయి కట్టగానే పీడనం పెరిగి మోటారు ఆగుతుంది. ట్యాంకు, ఆ తరువాత మూసే వాల్వు, చెత్తను ఆపే జల్లెడ, పంపు, చివరికి కుళాయి. వరుస ఇది. జల్లెడ పంపుకు ముందే ఉండాలి, లేకపోతే ట్యాంకులో మిగిలిపోయిన ప్లాస్టిక్ పొట్టు పంపును పాడుచేస్తుంది.

మజిలీ స్థలాల్లో నేరుగా కుళాయి గొట్టం తగిలించుకొనే ఏర్పాటు కూడా ట్రైలర్‌కు ఉంటుంది. ఆ నీరు ట్యాంకులోకి పోకుండా నేరుగా ట్రైలర్ కుళాయిలకు పోతుంది. దాన్ని పంపు వైపు పోనివ్వకుండా ఒకే దిశలో తెరుచుకొనే వాల్వు అడ్డుకుంటుంది. ఆ వాల్వు పాడైతే బయటి పీడనం పంపు గుండా వెనక్కి ట్యాంకులోకి చేరుతుంది. గాలిగొట్టం మూసుకుపోయి ఉంటే ఆ పదకొండు టన్నుల లెక్క నిజమయ్యే దారి ఇదే.

ఏ ప్లాస్టిక్? ఎలా బిగించాలి?

ఈ ట్యాంకులు ఎక్కువగా పాలీఇథిలీన్‌తో చేస్తారు. వీటిలో చాలావాటిని తయారు చేసే పద్ధతి మన ఇళ్ళ మీది నల్ల ట్యాంకులదే. అచ్చులో ప్లాస్టిక్ పొడి పోసి, వేడి చేస్తూ అన్ని వైపులా తిప్పితే పొడి కరిగి గోడలకు సమానంగా అంటుకుంటుంది. మన ట్యాంకులు నల్లగా ఉండటానికి కారణం వాటిలో కలిపే మసి. అది ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి ప్లాస్టిక్‌ను కాపాడుతుంది, వెలుతురు లోపలికి పోనివ్వక నాచు పెరగకుండా చేస్తుంది. ట్రైలర్ ట్యాంకు చీకట్లో మంచం కింద ఉంటుంది కాబట్టి తెల్లగా, నీటి మట్టం బయటికి కనిపించేలా ఉన్నా ఫరవాలేదు.

ఏ ప్లాస్టిక్ డబ్బా అయినా తాగునీటికి పనికిరాదు. అమెరికాలో తాగునీటికి తగిన సామగ్రి మీద ఎన్‌ఎస్‌ఎఫ్ 61 అనే ప్రమాణం గుర్తు చూస్తారు. మన దేశంలో ఇళ్ళ మీద పెట్టే ఇలాంటి ట్యాంకులకు ఐఎస్ 12701 అనే ప్రమాణం ఉంది. ఇంతకుముందు రసాయనాలు పోసిన డబ్బాను కడిగి వాడటం చాలా ప్రమాదం. ప్లాస్టిక్ కొన్ని రసాయనాలను పీల్చుకొని, తరువాత నీటిలోకి మెల్లగా వదులుతుంది.

పాలీఇథిలీన్‌కు మామూలు జిగురు ఏదీ గట్టిగా అంటుకోదు. అందుకని గొట్టాల మూతులను ఫ్యాక్టరీలోనే కరిగించి అతికిస్తారు. ఎక్కడెక్కడ మూతులు కావాలో బొమ్మ గీసి ఆర్డరు ఇవ్వాలి. బిగించేటప్పుడు మరల మీద తెల్లని టెఫ్లాన్ టేపు చుట్టి, ముందు చేత్తో తిప్పి, చివర పానాతో కొంచెం మాత్రమే బిగించాలి. ఇంకా బిగిస్తే ప్లాస్టిక్ మూతి చీలుతుంది. ఇంకొక జాగ్రత్త: అమెరికా గొట్టాల మరల కోణం 60 డిగ్రీలు, మన దేశంలో వాడే బ్రిటిష్ పద్ధతి మరల కోణం 55 డిగ్రీలు. అర అంగుళం సైజులో రెండూ మొదట ఎక్కినట్లే ఎక్కుతాయి, కానీ కారుతూనే ఉంటాయి.

అమర్చే క్రమం

మొదట పాత ట్యాంకును ఖాళీ చేసి తీసేయాలి. దాని కింది చెక్కను స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూడాలి. మొన సులువుగా దిగితే చెక్క కుళ్ళిపోయిందన్నమాట. ఏళ్ళ తరబడి కారిన నీటి ఫలితం అది. ఆ భాగాన్ని కోసి కొత్త పలక వేయకుండా 100 కిలోలు దాని మీద పెట్టకూడదు.

తరువాత, కొత్త ట్యాంకును ట్రైలర్ బయటే ఉంచి, మూతులన్నీ బిగించి, నీటితో నింపి ఒక రోజు ఉంచాలి. కొలిచిన బకెట్‌తో పోస్తూ, ప్రతి 10 లీటర్లకూ పక్కన ఒక గీత పెడితే అదే మట్టం చూపే కొలబద్ద అవుతుంది. అతుకుల చుట్టూ పొడి కాగితం ఆన్చి చూస్తే సన్నని చెమ్మ కూడా బయటపడుతుంది.

మూడోది, అడుగంతా ఆనేలా చదునైన పలక వేయాలి. రెండు కర్రల మీద మాత్రమే ఆనిస్తే మధ్యలో ప్లాస్టిక్ నెమ్మదిగా కిందికి జారుతుంది. చుట్టూ చిన్న చెక్క చట్రం, పై నుంచి రెండు పట్టీలు వేసి బిగించాలి. ట్యాంకు గోడలోకి మేకులు, స్క్రూలు కొట్టకూడదని వేరే చెప్పనక్కరలేదు. గట్టిగా బ్రేకు వేస్తే 100 కిలోల ట్యాంకు దాదాపు 50 కిలోల బలంతో ముందుకు తోస్తుంది. పట్టీలూ చట్రమూ దాన్ని ఆపాలి. అయితే చట్రానికీ ట్యాంకుకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. చలికీ ఎండకూ 30 డిగ్రీల తేడా ఉంటే 90 సెంటీమీటర్ల పాలీఇథిలీన్ 4, 5 మిల్లీమీటర్లు సాగుతుంది.

నాలుగోది, గొట్టాలు, పంపు తగిలించాలి. పంపు తీగకు తప్పనిసరిగా ఫ్యూజు పెట్టాలి. చివరిగా మంచం పలకను స్క్రూలతో బిగించాలి, మేకులతో కాదు. ఎందుకంటే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు మళ్ళీ దాన్ని విప్పాల్సి వస్తుంది.

తాగే ముందు శుద్ధి

కొత్త ట్యాంకైనా నేరుగా తాగడానికి పనికిరాదు. క్లోరిన్ ద్రావణంతో శుద్ధి చేయాలి. సాధారణ పద్ధతిలో లీటరు నీటికి 50 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండేలా కలిపి, 4 గంటలు ఉంచుతారు. మన ట్యాంకుకు 92.6 × 50 = 4,630 మిల్లీగ్రాములు, అంటే 4.6 గ్రాములు కావాలి. 5 శాతం గాఢత గల బ్లీచ్ ద్రావణం 100 మిల్లీలీటర్లలో సుమారు 5 గ్రాములు ఉంటుంది. కాబట్టి 90 నుంచి 100 మిల్లీలీటర్లు చాలు. సువాసన కలపని బ్లీచ్ మాత్రమే వాడాలి. దాన్ని ఒక బకెట్ నీటిలో ముందు కలిపి ట్యాంకులో పోసి, ఆ తరువాత ట్యాంకు నింపాలి. పంపు నడిపి, ప్రతి కుళాయిలోనూ క్లోరిన్ వాసన వచ్చేదాకా వదలాలి. 4 గంటల తరువాత అంతా పారబోసి, వాసన పోయేదాకా మంచినీటితో కడగాలి. ఈ 50 మిల్లీగ్రాముల నీరు శుద్ధికే కానీ తాగడానికి కాదు. బ్లీచ్‌ను వినిగర్, ఆమ్లాలు, అమ్మోనియా ఉన్న ద్రావణాలతో ఎప్పుడూ కలపకూడదు, విషవాయువులు పుడతాయి.

అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో శీతాకాలం ఇంకొక పరీక్ష పెడుతుంది. నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. పంపులో, వాల్వుల్లో మిగిలిన కొద్ది నీరు చాలు, వాటిని చీల్చడానికి. అందుకే చలి రాకముందే అంతా ఖాళీ చేస్తారు, లేదా గొట్టాల్లో ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రావణం నింపుతారు. కారు ఇంజనుకు మామూలుగా వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం. పేర్లు దగ్గరగా ఉన్నాయని తాగునీటి గొట్టంలో దాన్ని పోయకూడదు.

సారాంశం

విద్యార్థులారా, ఒక ట్యాంకు మార్చే పనిలో మూడు విషయాలు కలిసి ఉన్నాయని చూశాం. ఒకటి బరువు: అది ఇరుసుకు ఎక్కడ ఉందన్నది రోడ్డు మీద భద్రతను నిర్ణయిస్తుంది. రెండు గాలి: దానికి దారి లేకపోతే నీరు రాదు, ట్యాంకు నిలవదు. మూడు శుభ్రత: ట్యాంకు ఒక్కటే కొత్తదైతే చాలదు, నీరు నడిచే దారి అంతా సురక్షితంగా ఉండాలి. ఈ మూడింటిలోనూ తప్పు జరిగితే బయటికి వెంటనే కనిపించదు. రంగు పోతే అందరికీ కనిపిస్తుంది. సీసం కనిపించదు, మూసుకుపోయిన గాలిగొట్టం కనిపించదు, కొక్కెం మీద తగ్గిన 50 కిలోలూ కనిపించవు. కనిపించని వాటిని లెక్కలు వేసి ముందే చూడటానికే మనం శాస్త్రం చదువుకుంటున్నాం.

ఆలోచించండి

1. బయటి కొలతలు 120 × 40 × 20 సెంటీమీటర్లు, గోడ మందం 6 మిల్లీమీటర్లు గల ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయి?

2. పై పాఠంలోని ట్రైలర్‌లో అదే 100 కిలోల ట్యాంకును సరిగ్గా ఇరుసు మీదే పెడితే కొక్కెం మీది బరువు శాతం ఎంత? అది నియమానికి లోబడి ఉందా?

3. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా పంపు అప్పుడప్పుడు కొన్ని క్షణాలు తనంతట తాను నడిచి ఆగుతోంది. కారణాలు ఏమై ఉండవచ్చు?

4. మీ ఇంటి మీది నీళ్ళ ట్యాంకుకు గాలి వచ్చే దారి ఎక్కడుంది? పైకెక్కే ముందు పెద్దవారికి చెప్పి, వారితో కలిసి వెళ్ళి గమనించండి.